సోమవారం పీతలు

1961 జూన్‌లో నాకు నెల్లూరు పోస్టింగు వచ్చింది. హోదా జూనియర్ రీసెర్చ్ అసిస్టెంటు, అదీ టెంపరరీ. ఆఫీసు, తీరప్రాంతపు జలచరాల మీద పరిశోధన చేసే ఒక కేంద్రం. కేంద్రం అనగానే గాజు తలుపులూ తెల్లకోట్లూ ఊహించుకోవద్దండి. ట్రంకు రోడ్డుకు దగ్గరలో అద్దెకు తీసుకున్న మేడ అది. కింద వంటింటిని ప్రయోగశాల చేసినారు. పొయ్యిగట్టు మీద మైక్రోస్కోపు, అటక మీద ఫార్మలిన్ జాడీలు. పైన గాలి తగిలే గదిలో మా ఆఫీసర్ ఇన్‌చార్జి శేషగిరిరావు గారు. ఆయనకూ నాకూ నడుమ సీనియర్ అసిస్టెంటు పోస్టు ఒకటి కాగితం మీద ఉండేది. నేనక్కడ పనిచేసిన ఆరేళ్ళూ ఆ కుర్చీలో మనిషి కూర్చోలేదు, పాత ఫైళ్ళు కూర్చున్నాయి.

మా పని మడపీతల రక్తం తీసి అందులోని ప్రోటీన్లను విడదీసి చూడటం. మడపీత అంటే ఉప్పుకాలవల్లో, బురదలో దొరికే పెద్ద నల్లపీత. దాని రక్తం మన రక్తం మాదిరి ఎర్రగా ఉండదు. అందులో రాగి ఉంటుంది గనక గాలి తగిలేసరికి లేత నీలం తిరుగుతుంది. వెనక కాలి మొదట్లో మెత్తటి చోట సూది గుచ్చి నాలుగు చుక్కలు తీస్తాం. ద్రావణంలో తడిపిన వడపోత కాగితం పట్టీ మీద ఒక చుక్క పెట్టి, పట్టీ రెండు కొసల నుంచి కరెంటు పారిస్తాం. ప్రోటీన్లు ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో జరుగుతాయి. మర్నాడు పట్టీని ఆరబెట్టి, రంగులో ముంచి కడిగితే, ప్రోటీను ఆగిన చోటల్లా ఒక చార కనిపిస్తుంది. చారల వరస చూసి రెండు జీవులు ఒకే జాతివో కాదో చెప్పేయొచ్చని అప్పట్లో మాలాంటివాళ్ళకు గట్టి నమ్మకం. ఇప్పుడిట్లాంటి పనికి మాలిక్యులర్ బయాలజీ అని ఘనమైన పేరుంది. మా ఫైలు అట్ట మీద మాత్రం ‘రక్తం పని’ అని రాసి ఉండేది.

శేషగిరిరావు గారు చెడ్డమనిషి కాదు. ఆయనకుండిన జబ్బు ఒక్కటే, పేపర్లు. పత్రికల్లో అచ్చయ్యే పరిశోధనా వ్యాసాన్ని మా వృత్తిలో పేపరు అంటారు. ప్రమోషన్ ఫైల్లో పేపర్ల జాబితా పెట్టాలి, జాబితా ఎంత పొడుగుంటే మనిషి అంత పొడుగు. అందుకని ఆయన ఒక్క పీతను మూడు పేపర్లు చేసేవారు. రక్తం మీద ఒకటి, డెక్కల మీద ఒకటి, రక్తానికీ డెక్కలకూ ఉన్న సంబంధం మీద మూడోది. ప్రతి పేపరు మీదా ఆయన పేరు ముందు, నా పేరు వెనక. ఆయన పీతను ముట్టింది లేదు. నేను పీత కట్టు విప్పితే చాలు, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ఎత్తుకునేవారు.

పేపరు అచ్చేస్తే చాలదు, దాన్ని ఎవరో ఒకరు చదివినారని రుజువు కూడా ఉండాలి. ఈనాడు సైటేషన్లని లెక్కబెడుతున్నారు, అంటే మన పేపరును ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారో చూస్తున్నారు. అట్లా లెక్కగట్టే సూచీలు మాకు అందుబాటులో లేవు. మాకుండినవి కార్డులు. జిరాక్సు మాట ఎవరూ వినని రోజులు గనక, ఎక్కడో దూరదేశంలో ఉన్నాయన మన పేపరు కావాలనుకుంటే, ‘అయ్యా, తమరి ఫలానా పేపరు ప్రతి ఒకటి దయచేసి పంపగలరు’ అని అచ్చేసిన పోస్టుకార్డు రాసేవాడు. పత్రికవాళ్ళు మనకిచ్చిన విడిప్రతుల్లోంచి ఒకటి పంపాలి. జపాను నుంచీ పోలండు నుంచీ వచ్చిన ఆ కార్డులను శేషగిరిరావు గారు పెళ్ళిఫోటోల మాదిరి ఆల్బంలో అతికించి, గడప తొక్కిన ప్రతివారికీ చూపించేవారు. కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చినాయన కూడా ఆల్బం మొత్తం చూసి గానీ బయటపడలేదు.

ఇక పీతల సంగతి. పెన్నకు ఉత్తరాన విడవలూరు వైపు పీతలకు సోమవారం, దక్షిణాన మైపాడు వైపు పీతలకు గురువారం. పట్టీలకు కరెంటు పారించే తొట్టి మాకు ఒక్కటే ఉండేది గనక వారానికి రెండు దఫాలే పని నడిచేది. మైపాడు నుంచి పోలయ్య అనే ఆయన ఆ తెల్లవారి పట్టినవి ఎనిమిదింటికంతా తెచ్చేసేవాడు. విడవలూరు వైపు నుంచి ఎస్తేరమ్మ వచ్చేది. ఆమె మొగుడు కాలవల్లో పీతలు పడితే, ఆమె వాటిని గడ్డితాడుతో కట్టి, తడిగోనె కప్పి, తట్టలో పెట్టుకొని కోవూరు మీదుగా తొలిబస్సులో దిగేది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. నేను మొదటిసారి సూది గుచ్చి నాలుగు చుక్కలు తీసి పక్కన పెడితే, “ఏంది సార్, ఇంతేనా? ఈపాటి దానికి ఇంత మేడ ఎందుకు సార్ మీకు?” అనింది.

రక్తం తీసిన పీతలను ‘నాశనం చేయడమైనది’ అని రిజిస్టరులో రాయాలి. ఆ నాశనం మా ఇంట్లో చింతపండు పులుసులో జరిగేది. మా ఇంటావిడ రాజ్యం రెండు నెలలు ఓపిక పట్టి ఒకరోజు తేల్చి చెప్పేసింది.

“సోమవారం పీతలు తేబాకండి. కండే లేదు, నీళ్ళు నీళ్ళుగా ఉండాయి. గురువారంవి చూడండి, ఎంత తియ్యగా ఉంటాయో.”

అదే సమయానికి పట్టీల మీద కూడా తేడా బయటపడింది. మైపాడు పీతకు రెండు చారలు. విడవలూరు పీతకు ఆ రెండూ కొంచెం పాలిపోయి, వాటి ముందర సన్నటి మూడో చార. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, ఏడాది పొడుగునా అదే వరస. పట్టీలు పైకి తీసుకుపోయి బల్ల మీద పరిస్తే శేషగిరిరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడినారు. నది ఈ గట్టుకొక జాతి, ఆ గట్టుకొక జాతి! నేను నోరు జారి మా ఇంటావిడ మాట కూడా చెప్పినాను. ఆయన అప్పటికప్పుడు పెన్ను తీసి, ‘ఉత్తరపు పీత మాంసం నాసిరకమని స్థానిక వినియోగదారుల అభిప్రాయం’ అని ఒక వాక్యం చేర్చినారు. మా రాజ్యం ఆ విధంగా, పేరు లేకుండా, శాస్త్ర సాహిత్యంలోకి ఎక్కింది.

1963లో ఆ పేపరు అచ్చయింది. అంతకు ముందు మా పేపర్లకు రెండో మూడో కార్డులు వచ్చేవి. దీనికి ఆల్బం నిండిపోయి రెండో ఆల్బం కొన్నారు. ఒక నది రెండు జాతులను విడదీసిందంటే ఎవరికి ముచ్చటగా ఉండదు? నాకూ ముచ్చటగానే ఉండినది. నా పేరు వెనకుంటే ఉండనీ, పట్టీలు నావి గదా అని లోలోపల పొంగిపోయినాను. అబద్ధం చెప్పి ఇప్పుడు నాకొచ్చేదేముంది?

ఆ ఏడాది డిసెంబరులో వాయుగుండం పట్టి సోమవారం బస్సులు తిరగలేదు. ఎస్తేరమ్మ బుధవారం వచ్చింది. ఆ పీతలకు చారలు రెండే వచ్చినాయి. నేనే ఏదో చెడగొట్టినానని మిగిలిన రక్తంతో మళ్ళీ చేస్తే, మళ్ళీ రెండే. అచ్చు మైపాడు పీతలే! పై సోమవారం ఎస్తేరమ్మ తట్ట దించుకోగానే అడిగినాను, మొన్న బుధవారం తెచ్చినవి ఎప్పుడు పట్టినవమ్మా అని.

“ముందురోజు మాపటేళ పట్టినవి సార్.”

“మరి ఎప్పుడూ సోమవారం తెచ్చేవి?”

“అవి శనివారంవి. ఆదివారం మేము నీళ్ళలో దిగం గదా సార్, ప్రార్థనకు గుడికి పోతాం. సోమవారం తొలిబస్సు పట్టుకోవాలంటే ఇంక పీతలు పట్టే పొద్దేడుంటది?”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?” అన్నాను.

“మీరు అడిగితే గదా! యాడ పట్టినావు, యాడ పట్టినావు అని వారం వారం రాసుకుంటిరి. ఎప్పుడు పట్టినావని ఒక్కనాడన్నా అడిగితిరా? రెండు దినాలు కట్టేసి గోనెలో పెడితే దాని రక్తం బాగుంటదా సార్? మిమ్మల్ని కట్టేస్తే మీకుంటదా?”

రుజువు చేయడానికి నాకు పట్టింది మూడు రోజులు. పోలయ్య గురువారం తెచ్చిన పీతల్లో నాలుగింటిని ఎస్తేరమ్మ కట్టినట్టే కట్టి, తడిగోనెలో చుట్టి, స్నానాల గదిలో పెట్టినాను. శనివారం రక్తం తీసి తొట్టిలో పెట్టినాను. ఆదివారం పట్టీ కడిగితే మూడు చారలు. మైపాడు పీత రెండు రోజుల్లో, బస్సు కూడా ఎక్కకుండా, పెన్న దాటి ఉత్తరజాతి అయిపోయింది. బడలిన పీత రక్తంలో ప్రోటీను విరిగి మూడో చార వస్తూ ఉంది, అంతే సంగతి. రాజ్యం నాలుక ఏనాడో పట్టేసిన విషయాన్ని పట్టుకోవడానికి ఒక ప్రభుత్వ కేంద్రానికి రెండేళ్ళు పట్టింది. ముందు నాకు నవ్వొచ్చింది, వెంటనే చెమట పట్టింది.

పై గదికి పోయి చెప్పినాను. పత్రికకు సవరణ పంపుదామన్నాను. సవరణ అంటే, మేము ఫలానా చోట పొరబడినాం అని అరపేజీ నోటు. శేషగిరిరావు గారు నింపాదిగా విని, ఈ సంగతి ఇంకెవరికి తెలుసునని అడిగినారు. ఎస్తేరమ్మకు తెలుసునన్నాను. ఆమె పత్రికలకు రాయదు గదా అన్నారు. తర్వాత ఒక ధర్మసందేహం కూడా వెలిబుచ్చినారు. సవరణ అచ్చయితే దాన్ని జాబితాలో ఇంకో పేపరుగా కలుపుకోవాలా, లేక ఉన్నదాన్లోంచి ఒకటి కొట్టేయాలా? ఈ విషయమై రూల్సు స్పష్టంగా లేవట. నేను అక్కడే నిలబడి ఉంటే, నా కన్ఫర్మేషన్ ఫైలు తన దగ్గరే ఉన్నదనీ, కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ‘పైఅధికారితో సహకారం’ అనే గడి ఇంకా నింపలేదనీ, గొంతు పెంచకుండా గుర్తు చేసినారు.

కన్ఫర్మేషన్ అంటే టెంపరరీ ఉద్యోగాన్ని ఖాయం చేసే ఆర్డరు. అది రాకుంటే ఏ నెలైనా ఇంటికి పంపేయొచ్చు. నేను నోరు కుట్టేసుకున్నాను. ఆయన బెదిరించినాడు, నేను బెదిరినాను అని చెబితే సానుభూతిగా ఉంటుంది గానీ, నిజానికి ఆయన పెద్దగా బెదిరించనే లేదు. నేనే ముందుగా సిద్ధమైపోయి ఉన్నాను. ఆర్డరు వచ్చిన మర్నాడు పంపుదాంలే, పీతలకు తొందరేముంది అనుకున్నాను.

పీతలకు లేదు. 1964 మొదట్లో సుశీల అనే అమ్మాయి వచ్చింది. ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరిన రీసెర్చ్ స్కాలరు. మా పేపరు చదివి, ఈ రెండు జాతుల మీదే థీసిస్ పెట్టుకొనింది. స్కాలరు పని చూసే ప్రొఫెసరును గైడు అంటారు, ఆమె గైడు సరేనన్నాడు. సుశీలది నా మాదిరి కుర్చీలో కూర్చొని పీతలు తెప్పించుకునే రకం కాదు. చీరె కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని, బెస్తవాళ్ళతో కాలవల్లోకి దిగి, పట్టిన పీతకు పట్టిన చోటే రక్తం తీసి, సీసా ఐసులో పెట్టి తెచ్చేది. ఉత్తరం గట్టున అంతే, దక్షిణం గట్టున అంతే. ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళకు మా మూడో చార చచ్చినా కనపడదు. దానికి కొంచెం అశ్రద్ధ కావాలి.

ఏడాది గడిచేసరికి ఆ పిల్ల సగమైపోయింది. ఒక సోమవారం పట్టీలన్నీ సంచిలో వేసుకొని నా దగ్గరికి వచ్చింది.

“సార్, నా చేతిలోనే ఏదో తప్పుంది. మా గైడు గారు కూడా అదే అంటున్నారు, అచ్చయిన పేపరులో ఉన్న చార నీకెందుకు రాదు, నీకీ పని రాదు అని. ఒక్కసారి మీ పద్ధతి దగ్గరుండి చూపించరా?”

ఆమె పట్టీలు చూసినాను. నా పట్టీలకంటే శుభ్రంగా, గీత గీసినట్టు ఉన్నాయి. రెండేసి చారలు. అవే సరైనవి. నేనేమన్నానంటే, “పట్టీలు సరిగా ఆరబెడుతున్నావా అమ్మా?” అన్నాను.

ఆమె దాన్ని నోటుబుక్కులో రాసుకొనింది. కళ్ళు తుడుచుకుంటా బస్సుకు పోయింది. తట్ట సర్దుకుంటా ఉన్న ఎస్తేరమ్మ, “ఆ పాప ఎందుకు ఏడస్తా పోతుంది సార్?” అని అడిగింది. మూడో చార రావటం లేదంట అన్నాను. గోనె సంగతి నేనే ఆమెకు చెప్పి ఉంటిని గనక, ఆమెకు అర్థమైపోయింది.

“చెప్పరాదా సార్, రెండు దినాలు గోనెలో పెట్టమని? పాపం, వచ్చేస్తది గదా!”

చెప్తాలే అన్నాను. ఎస్తేరమ్మ నా ముఖంలోకి ఒక క్షణం చూసి, ఇంకేమీ అనకుండా తట్ట నెత్తికెత్తుకొనింది. అంత నోరున్న మనిషి ఏమీ అనకుండా పోవడం అదొక్కసారే చూసినాను. సిగ్గుతో చచ్చిపోయినాను. చచ్చిపోయి, మధ్యాహ్నం భోంచేసి, పై వారం పీతలకు రక్తం తీసినాను.

ఇదిలా ఉండగా విదేశంలో ఎవరో పెద్దాయన పీతల మీద లావుపాటి పుస్తకం ఒకటి రాసినాడు. అందులో మా పేపరు ప్రస్తావన వచ్చింది. ఫలానా ఇద్దరు రెండు జాతులున్నాయని అంటున్నారు గానీ ఇది నమ్మశక్యంగా లేదు, నమూనాలు తాజావేనా అన్నది పరిశీలించాలి అని. సముద్రాల అవతల కూర్చున్నాయనకు ఎస్తేరమ్మ తట్టలో వాసన తగిలింది, పై గదిలో ఉన్నాయనకు తగల్లేదు. శేషగిరిరావు గారు మా పేర్ల కింద మాత్రం ఎర్రపెన్సిలుతో గీత గీసి, మిగతా వాక్యాన్ని వదిలేసి, ‘విదేశీ ప్రామాణిక గ్రంథంలో ప్రస్తావన’ అని ప్రమోషన్ ఫైల్లో చేర్చినారు. నేను చదివిన పరిశోధనా పత్రాల్లో అంత పొదుపైన రచన ఇంకొకటి లేదు. 1965 మేలో ఆయన డిప్యూటీ డైరెక్టరై ఢిల్లీకి పోయినారు. స్టేషన్లో దండ వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆల్బములు రెండూ ఆయన ఒళ్ళోనే ఉన్నాయి.

నాకు సహకారం గడిలో ‘అత్యుత్తమం’ అని రాసి పోయినారు. జులైలో కన్ఫర్మేషన్ ఆర్డరు వచ్చింది. నా ధైర్యం చూడండి, మూడో రోజుకే సవరణ రాసి నా ఒక్కడి పేరుతో పత్రికకు పంపినాను. మేము చెప్పిన రెండు జాతులు లేవు, ఉన్నది ఒకే జాతి, మూడో చార రెండు రోజులు నిల్వ ఉంచినందువల్ల వచ్చింది, మా పట్టికలను ఎవరూ వాడవద్దు. ఆ రోజే సుశీలకు ఆమె యూనివర్సిటీ చిరునామాకు ఉత్తరం వేసినాను. అది తిరిగొచ్చింది. ఆమె ఫిబ్రవరిలోనే థీసిస్ మానేసి వెళ్ళిపోయిందని కవరు మీద ఎవరో రాసినారు.

మరుసటి ఏడాది నోటు అచ్చయింది. విడిప్రతుల కట్ట నా బల్ల మీదికి వచ్చింది. తప్పుపేపరుకు రెండు ఆల్బముల కార్డులు వచ్చినాయి గదా, దీనికి జపాను నుంచి లేదు, పోలండు నుంచి లేదు. నేను రిటైరయ్యేదాకా తప్పుపేపరునే ఎవరో ఒకరు పేర్కొంటూ వచ్చినారు. నా వీడ్కోలు సభలో కూడా నా ఘనకార్యాల్లో దాన్నే మొదట చదివినారు. సవరణకు వచ్చిన కార్డు మొత్తం మీద ఒకటే. మామూలు మన పోస్టుకార్డు. అచ్చు కాదు, చేతిరాత. అయినా కార్డులకుండే వరస తప్పకుండా రాసింది. ‘అయ్యా, తమరి ఫలానా నోటు ప్రతి ఒకటి దయచేసి పంపగలరు. ఇట్లు, సుశీల, సైన్సు టీచరు.’ కింద ఒక హైస్కూలు చిరునామా. ఇంకొక్క ముక్క లేదు. తిట్టి ఉంటే బాగుండేది. ప్రతి పంపినాను, దాంతో పాటు రెండు పేజీల ఉత్తరం కూడా రాసినాను. జవాబు రాలేదు, రావాల్సిన పని కూడా లేదు.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి చోటా నమూనాల రిజిస్టరులో ‘ఎక్కడ పట్టినది’ పక్కన ‘ఎప్పుడు పట్టినది’ అని ఒక గడి గీయించినాను. చిన్నవాళ్ళు నా చాదస్తానికి నవ్వుకునేవాళ్ళు, అయినా నింపేవాళ్ళు. పీతను ఎన్నాళ్ళు గోనెలో ఉంచినారో ఆ గడి చెబుతుంది. తప్పు తెలిసినాక ఎన్నాళ్ళు దాచినారో చెప్పే గడి మాత్రం ఏ రిజిస్టరులోనూ పెట్టలేదు, నేనూ పెట్టించలేదు. నాది ఇక్కడ నింపుతున్నాను: ఒక సంవత్సరం ఏడు నెలలు.